సారెలో పాత మంచం ఉండకూడదా?

మా అక్కకి సంబంధం మాటలు నడుస్తున్న రోజుల్లో పెళ్ళికొడుకు వాళ్ళ పెద్దమ్మగారు భంజనగర్‌లో మా ఇంటికి వచ్చారు. ముందు గదిలో పడక కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చుట్టూ చూశారు. టేకు బల్ల, గోడకి చెక్క చట్రం ఉన్న పెద్ద అద్దం, మూలన ఇత్తడి గంగాళంలో మనీప్లాంటు, కిటికీలకి పాత పట్టుచీర చింపి కుట్టిన తెరలు. "ఏటమ్మా, అన్నీ పాతకాలం సామాన్లలాగున్నాయి. ఎక్కడివి?" అని అడిగారు.

మా అమ్మ ఒక్క క్షణం ఆగి, "మా మావగారి నాటివండి, వదినగారూ" అంది.

అది పచ్చి అబద్ధం. మా తాతయ్య వదిలి వెళ్ళిన ఆస్తి ఒక రేకు పెట్టె, ఒక మరచెంబు. ఆ కుర్చీ కబాడీ కొట్టులో కొన్నది. ఆ బల్ల, ఆ అద్దం, ఆ గంగాళం కూడా అంతే. పెద్దమ్మగారు మాత్రం తృప్తిగా తలూపి, "అందుకే అంత గట్టిగా ఉన్నాయి. పాతకాలం కుటుంబాలంటే అలాగే ఉంటాయి" అని మెచ్చుకున్నారు.

ఆవిడ వెళ్ళాక నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. కుర్చీ ఒకటే. తాతగారిది అంటే వంశం గొప్ప, డబ్బిచ్చి కొన్నాం అంటే పేదరికం. ఎప్పుడూ చిన్న అబద్ధానికి కూడా మమ్మల్ని తిట్టే అమ్మ, సొంత కష్టంతో, సొంత తెలివితో సర్దుకున్న ఇంటిని చచ్చిపోయిన తాతయ్య పేరున రాసేసింది. అలా రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో అందరం ఆలోచించాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ సామాన్లు మా ఇంటికి ఎలా వచ్చాయో చెప్తాను. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. మనలో గంజాం జిల్లా వాళ్ళెవరికీ ఆ రాత్రి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పుడు మేము బరంపురంలో ఒక రేకుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళు. రేకులు లేచిపోయాక ఇంట్లో ఉన్నదంతా తెల్లారేదాకా వానలో తడిసింది. అమ్మ పెళ్ళికి సారెగా ఇచ్చిన డబుల్ కాట్, డ్రెస్సింగ్ టేబుల్ రెండూ పొట్టు అంటించి నొక్కి చేసే చెక్కవి. రెండు రోజుల్లో రొట్టెలాగ ఉబ్బిపోయాయి. నాన్న చెయ్యి వేస్తే అట్టలు అట్టలుగా ఊడి వచ్చేశాయి. పక్కింటి మామ్మగారి భోషాణం కూడా మాతోపాటే తడిసింది. నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచారు. అది ఇప్పటికీ ఆవిడ ఇంట్లో ఉంది.

ఆ సంవత్సరమే మేము భంజనగర్‌లో మా మేనమామ ఇంటి వెనక రెండు గదుల్లోకి వచ్చేశాం. గదులున్నాయి కానీ వాటిలో పెట్టుకోడానికి ఏమీ లేదు. అమ్మకి రెండు సంగతులు అర్థమయ్యాయి. కొత్తవి కొనాలంటే అప్పు చెయ్యాలి. అప్పు చేసి కొన్నా, మన డబ్బుకి వచ్చేది మళ్ళీ ఆ పొట్టు చెక్కే. అందుకని పాత సామాన్ల కొట్ల వైపు నడిచింది.

అక్కడ ఎన్ని వింతలో! పాత ఇళ్ళు పడగొట్టి స్లాబ్ ఇళ్ళు కట్టేవాళ్ళు తలుపులు, దూలాలు, కిటికీలు ఒకేసారి అమ్మేస్తారు. మాది ఘుముసుర అడవుల దారి కాబట్టి పాత ఇళ్ళలో గుగ్గిలం కర్ర, టేకు బాగా వాడేవారు. ముప్పై నలభై ఏళ్ళు ఇంటికి ఆనిన కర్రలో పచ్చి ఉండదు. వంగవలసిందంతా ఎప్పుడో వంగిపోయి ఉంటుంది కాబట్టి ఇక కొత్తగా వంకర తిరగదు. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల చెదలు కూడా తొందరగా పట్టదు. మా ముందు గదిలో బల్ల నిజానికి ఒక రెక్క తలుపు. గడియ ఊడదీసిన చోట చిన్న కన్నం ఇంకా ఉంది. తలుపుకి తొమ్మిది వందలు, కాళ్ళు బిగించిన వడ్రంగికి ఆరు వందలు. అమ్మ బేరం ఒడియాలో ఆడుతుంది, విసుక్కోవడం మాత్రం తెలుగులో. కొట్టు అతనికి తెలుగు వచ్చని రెండేళ్ళ తరవాత తెలిసింది. ఇంకో ముచ్చట, ఆ కొట్లో ఏ కుర్చీ చూపించి అడిగినా "బర్మా టేకు" అనే చెప్తాడు. ఒకప్పుడు మన వైపు నుంచి గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం వెళ్ళినవాళ్ళు చాలామంది. వాళ్ళందరూ తలా నాలుగు కుర్చీలు తెచ్చినా ఇన్ని అవ్వవు.

నేను చదువుకునే బల్ల కూడా అక్కడిదే. సొరుగులో అడుగున పరిచిన కాయితం తీస్తే అది తెలుగు పేపరు! ముక్కలైపోయింది, తేదీ చిరిగిపోయింది, అక్షరాలు మాత్రం తెలుగువే. ఈ ఊళ్ళో ఎవరో తెలుగువాళ్ళు ఈ బల్ల మీద రాసుకుని, ఏదో కారణానికి అమ్మేసి వెళ్ళిపోయారన్నమాట. ఎందుకు అమ్మారో నాకు తెలీదు. ఆ కాయితాన్ని మళ్ళీ అక్కడే పరిచాను. తెలుగు డిపార్ట్‌మెంటులో సీటు తీసుకున్నప్పుడు మా మావయ్య "ఒడిశాలో ఉండి తెలుగేటి?" అని వెక్కిరించాడు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే నాకంటే ముందు ఇంకెవరో ఉన్నారన్న ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు అభ్యంతరాలకి వస్తాను. ఈ విషయం మన క్లాసులో మాట్లాడితే నలుగురు నాలుగు రకాలుగా అన్నారు.

"ఎవరు వాడినదో, ఎవరు పోయిన మంచమో" అన్నారు ఒకరు. మరి మనం హాస్టల్లో పడుకునే మంచాలు ఎవరివి? మనకంటే ముందు ఎన్ని బ్యాచ్‌ల అక్కలు వాటి మీద పడుకుని ఏడ్చారో, నవ్వారో, పరీక్షలకి చదివారో. ఆసుపత్రి మంచం, బస్సు సీటు, లైబ్రరీ పుస్తకం, సత్రంలో చాప, వీటిలో ఏది మొదట మన కోసమే తయారైంది? అన్నిటికంటే ముఖ్యం బంగారం. కంసాలి దగ్గర పాత బంగారం కరిగించి కొత్త గొలుసు చేయించుకుంటాం. ఆ కరిగినదాంట్లో ఎవరి తాళి ఉందో, ఎవరి చేతి గాజు ఉందో ఒక్కరైనా అడిగారా? బంగారానికి అంటని మైల టేకు చెక్కకి ఎందుకు అంటుతుంది? మనకి నిజంగా మైల అనిపిస్తే రెంటికీ అనిపించాలి. అలా అనిపించదు. అంటే మనం భయపడుతున్నది చావుకి కాదు, చవకకి.

"చూసినవాళ్ళు ఏమనుకుంటారు" అన్నది రెండో మాట. నిజాయితీగా ఉన్నది ఈ ఒక్క అభ్యంతరమే. మా అమ్మ చేత అబద్ధం ఆడించిందీ ఇదే. కానీ చూసేవాళ్ళు మాత్రం ఎవరు? పాత చీరలు మూట కట్టి స్టీలు సామాన్ల ఆవిడకి వేసి గిన్నె తీసుకున్నవాళ్ళే కదా. మన ఇళ్ళలో సగం డబ్బాలు అలా వచ్చినవే. మన పాత వస్తువు ఇంకొకళ్ళకి వెళ్తే తప్పు లేదు, ఇంకొకళ్ళ పాత వస్తువు మన ఇంటికి వస్తే తప్పు. మనం ఇచ్చే చేతుల్లోనే ఉండాలి, తీసుకునే చేతుల్లో ఉండకూడదని గర్వం. అందరూ ఇచ్చేవాళ్ళే అయితే తీసుకునేవాళ్ళు ఎవరో మరి.

మామ్మలు చిరిగిన చీరలు నాలుగు మడతలు పెట్టి బొంత కుట్టేవారు. పసిపిల్లల్ని మొదట పడుకోబెట్టేది ఆ పాత గుడ్డల్లోనే. మెత్తగా ఉంటుందని. అప్పుడు పాత అన్నది మంచి గుణం. కొత్తగా అనకూడని మాట అయింది.

బయటి దేశాల్లో ఇది దాచుకునే పని కాదు. అమెరికాలోని బోస్టన్‌లో 1902లో గుడ్‌విల్ అనే సంస్థ మొదలైంది. ఉన్నవాళ్ళ ఇళ్ళ నుంచి పాత బట్టలు, సామాన్లు సేకరించి, లేనివాళ్ళకి వాటిని బాగుచేసే పని ఇచ్చి, చవకగా అమ్మేవారు. పనీ దొరికేది, వస్తువూ దొరికేది. ఇంగ్లండులో ఆక్స్‌ఫామ్ వాళ్ళ పాత సామాన్ల దుకాణాలకి ఉద్యోగస్తులు, విద్యార్థులు అందరూ వెళ్తారు. మన దేశంలో 1999లో ఢిల్లీలో మొదలైన గూంజ్ సంస్థ పట్నాల పాత బట్టల్ని ఊళ్ళకి పంపుతుంది, కానీ దానంగా విసిరెయ్యదు. ఊరి చెరువో, దారో బాగుచేసుకున్న వాళ్ళకి ఆ పనికి బదులుగా ఇస్తుంది. తీసుకునేవాళ్ళ తల దించకుండా పాత వస్తువు ఇవ్వచ్చని వాళ్ళు చూపించారు.

అంత దూరం ఎందుకు, మా ఊరి పేరే చూడండి. 1830లలో ఘుముసుర యుద్ధాల కాలంలో మద్రాసు ప్రభుత్వం తరఫున వచ్చిన జార్జ్ ఎడ్వర్డ్ రసెల్ అనే దొర పేరుకి మన తెలుగు 'కొండ' తగిలించి రసెల్‌కొండ అన్నారు. తరవాత ఘుముసుర రాజవంశంలో పుట్టిన ఒడియా మహాకవి ఉపేంద్ర భంజ పేరుతో భంజనగర్ అయింది. జిల్లా కూడా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఊరు అదే, కొండా అదే. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినంత మాత్రాన మా ఊరు తీసికట్టు అయిపోలేదు.

ఇక అసలు విషయం సారె. మా అక్కకి ఇవ్వాల్సిన సారె లిస్టు వచ్చింది. మంచం, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా, ఫ్రిజ్. అన్నీ కొత్తవి, "కవరు విప్పనివి" అయి ఉండాలట. నాన్న ఒక బట్టల కొట్లో గుమాస్తా. లెక్క వేసి, వడ్డీకి తేవాలి అన్నాడు. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఇక్కడ నేను కోపంగానే రాస్తున్నాను, మేడమ్‌లు క్షమించాలి. కాబోయే బావగారి పని సూరత్‌లో. మన గంజాం నుంచి అక్కడి మరమగ్గాలకి వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అక్కడ వాళ్ళకి ఉండేది ఒక గది. ఈ సోఫా ఆ గదిలో పట్టదు. కొత్త మంచం అత్తగారి ఊళ్ళో ప్లాస్టిక్ కవరుతో అలాగే నిలబడి ఉంటుంది. పెళ్ళికి వచ్చినవాళ్ళు ఒక రోజు చూస్తారు. నాన్న మూడేళ్ళు వడ్డీ కడతాడు. చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం పెళ్ళి కోసమని అడిగి తీసుకునే వస్తువు కూడా కట్నమే, డబ్బు ఒక్కటే కాదు. అడగకుండా ఇష్టంగా ఇచ్చే కానుకలకైతే లిస్టు రాసుకోవాలని 1985లో నియమాలు కూడా వచ్చాయి. మన ఇళ్ళలో ఆ రెండో లిస్టు ఎవరూ రాయరు. మొదటి లిస్టు మాత్రం అటు నుంచి రాసి పంపిస్తారు.

నా అభిప్రాయం ఇది. ఆడపిల్ల ఇల్లు తన అవసరం కొద్దీ, తన చేత్తో, నెమ్మదిగా సర్దుకోవాలి. ఒక్క రోజులో లారీ ఎక్కించి దింపే సామానుతో ఇల్లు తయారవ్వదు. పాతవి కొంటే అప్పు ఉండదు. అప్పు లేకపోతే అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడు నాన్న మొహం చూసి భయపడక్కర్లేదు. నాకైతే ఇంటికి అంతకంటే అలంకారం కనపడటం లేదు.

అలాగని పాతది ఏది కనిపిస్తే అది తెచ్చుకోమని చెప్పను. అమ్మ దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. పరుపు, దిండు ఎప్పుడూ పాతవి కొనకూడదు. మంచమైతే సందుల్లో టార్చి వేసి నల్లులు చూడాలి. సలసల కాగిన నీళ్ళు సందుల్లో పోసి, బాగా ఆరబెట్టాకే లోపలికి తేవాలి. కాలిని గోరుతో నొక్కి, సుత్తితో తట్టి చూస్తే చెదలు తిన్న కర్ర డొల్లగా మోగుతుంది. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి గరుకు కాయితంతో పొడిగా రుద్దకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. కరెంటు వస్తువు తెలిసినవాళ్ళకి చూపించాలి. ఇత్తడి గిన్నెకి లోపల కళాయి పోతే పులుపు వండకూడదు, కళాయి పోసేవాళ్ళు ఇప్పుడు అరుదు. అందుకే మా గంగాళం మొక్కకి కుండీ అయింది. ఇంకో మాట. దేవుడి విగ్రహాలు, తాళపత్రాలు ఎంత అందంగా ఉన్నా ముట్టుకోకండి. నూరేళ్ళు దాటిన విగ్రహాలు, డెబ్బై అయిదేళ్ళు దాటిన రాతప్రతులు పురావస్తువుల కింద 1972 చట్టంలోకి వస్తాయి. పైగా ఏ గుడిలోంచి పోయిందో మనకి తెలీదు.

ఇంతవరకూ కొనేవాళ్ళ వైపు నుంచి చెప్పాను. అమ్మేవాళ్ళ వైపు కూడా చూడాలి. ఇప్పుడు హోటళ్ళలో, పెద్ద ఇళ్ళలో గుమ్మం ముందు గంగాళం పెట్టి నీళ్ళలో పువ్వులు వెయ్యడం ఫ్యాషన్ అయింది. అందంగానే ఉంటుంది. కానీ గంగాళం ఊరికే బజారుకి రాదు. ఎవరి ఇంట్లోనో ఆపరేషనుకో, ఫీజుకో డబ్బు చాలక వస్తుంది. తుక్కు కొట్లో దానికి తూకానికే లెక్క కడతారు. అందులోంచి తరుగు తీసేస్తారు. సుత్తితో కొట్టి ఆ నడుము వంపు తెచ్చిన కంచరి పనికి ఒక్క రూపాయి రాదు. మా పక్కనే బెల్లగుంఠలో ఇత్తడి చేప చేస్తారు. పొలుసు పొలుసుగా అతికి, చేతిలో పట్టుకుంటే నిజం చేపలాగ మెలికలు తిరుగుతుంది. దాన్ని కూడా తూకానికి వేస్తే గుప్పెడు ఇత్తడే. అందుకని నేరుగా ఇంటివాళ్ళ దగ్గర కొంటే అమ్మ తూకం ధర కంటే కొంచెం ఎక్కువ ఇస్తుంది. "మొయ్యలేక అమ్ముకున్నారు, మనం దోచుకోకూడదు" అంటుంది. అంతటి మనిషి ఒక పెద్దమ్మగారి ముందు తల దించుకుంది.

మనం తెలుగు విద్యార్థులం కాబట్టి ఒక్క మాట. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడారు. జనం రోజూ మాట్లాడుకునే మాటలు పుస్తకంలోకి రావడానికి పనికిరావని ఆనాటి పండితులు అన్నారు. రోజూ వాడేదాంట్లోనే ప్రాణం ఉందని ఆయన అన్నారు. వాడిన మాటని గౌరవించడం నేర్చుకున్న మనం, వాడిన వస్తువుని చూసి మొహం ఎందుకు తిప్పుకుంటాం?

మన కాలేజీలో ఇప్పుడే చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. ప్రతి ఏడూ ఫైనల్ ఇయర్ వాళ్ళు హాస్టల్ ఖాళీ చేసినప్పుడు బకెట్లు, అద్దాలు, టేబుల్ ల్యాంపులు, పుస్తకాలు, బట్టలు ఆరేసుకునే తాళ్ళు వరండాలో పడేసి వెళ్తారు. జూన్‌లో వచ్చే కొత్తవాళ్ళు అవే బజారులో కొంటారు. ఒక గది మూల ఒక పాత బల్ల వేసి, వెళ్ళేవాళ్ళు కడిగి, తుడిచి అక్కడ పెట్టి వెళ్దాం. వచ్చేవాళ్ళు కావలసినవి తీసుకుంటారు. ఉచితంగా వద్దనుకుంటే పదో పరకో డబ్బాలో వేస్తారు, దాంతో డిపార్ట్‌మెంటుకి పుస్తకాలు కొనచ్చు. మేడమ్‌లు ఒప్పుకుంటే నేను మొదటి నెల చూసుకుంటాను.

చివరగా మా ఇంటి సంగతి. నేను ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. విని ఏమీ అనలేదు. పెద్దమ్మగారు రెండోసారి వచ్చినప్పుడు మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని, "ఇలాటిది ఇప్పుడు దొరకదమ్మా" అన్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "దొరుకుతాయండి. ఆరోజు మీతో అబద్ధం చెప్పాను. ఇది ఇక్కడే పాత సామాన్ల కొట్లో పన్నెండు వందలకి కొన్నాను" అంది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కుర్చీ చేతుల్ని అటూ ఇటూ తడిమి చూశారు. "పన్నెండు వందలకేనా?" అన్నారు. కాసేపాగి, వెళ్ళేటప్పుడు దారిలో ఆ కొట్టు చూపిస్తావా అని అడిగారు.

లిస్టులోంచి సోఫా, డ్రెస్సింగ్ టేబుల్ పోయాయి. పరుపు, ఫ్రిజ్ కొత్తవే. మంచం పాతదా కొత్తదా అన్నది ఇంకా తేలలేదు. అక్క మాత్రం ఆ తలుపు బల్ల తనకే కావాలని ఇప్పటినుంచే పట్టుబడుతోంది. నేను ఇవ్వనంటున్నాను.